వ్యూహక్రీడలును లినక్సును: నిర్మాతల ధర్మమేది?

ఒక వస్తువును చేసి అమ్మువాడు, దానిని కోరిన ప్రతివానికిని అందునట్లు చేయుటకు బద్ధుడా? లేక తనకు లాభము చేకూర్చువారికే అమ్ముకొని, తక్కినవారిని విడిచిపెట్టుటకు స్వతంత్రుడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పెద్ద ఊళ్ళకు మాత్రమే బస్సు నడిపి నడుమనున్న పల్లెలను విడుచువాని విషయమునను, పట్టణవాసులకే పుస్తకము లచ్చువేయువాని విషయమునను ఇది పలుమాఱులు పుట్టినదే. ఇప్పుడిది కంప్యూటరు ఆటల విషయమున మరల తల యెత్తినది. వ్యూహక్రీడలను లినక్సునకును అనుకూలముగా విడుదల చేయుట వాని నిర్మాతలకు ధర్మమా, కాదా యనునది నేటి మా విచారము. విషయము చిన్నదని తోచవచ్చును. కాని పెద్ద విషయములందు కోపతాపములు అడ్డువచ్చును. చిన్నవానియందే ధర్మసూక్ష్మము తేటగా కనబడుచుండును.

లినక్సనగా నేమో యెరుగని చదువరుల కొక్కమాట. కంప్యూటరును నడిపించు మూలపు టేర్పాటును ఆపరేటింగు సిస్టమందురు. మన యిండ్లలోని కంప్యూటర్లలో పెక్కు మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోసుతో నడచును. లినక్సు పుట్టుక వేఱు. 1983లో అమెరికాలో రిచర్డు స్టాల్మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమమును, 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్సు వెలువరించిన కెర్నెలును కలిసి అది యేర్పడినది. దానికి వెల లేదు. దాని సోర్సుకోడును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. పొరుగున కేరళమువారు తమ ప్రభుత్వ పాఠశాలలలో దీనినే నెలకొల్పిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగున అందించుటకు పాటుపడిరి.

మా నిమ్మనపల్లె మదనపల్లెకు చేరువనున్న మండల కేంద్రము. టమాట పండించి మదనపల్లె మార్కెట్టునకు తోలు రైతుల కుటుంబము లిచ్చట పెక్కు. ఇట్టి యిండ్లలో పిల్లవానికి కంప్యూటరు కావలెనన్న, పట్టణములలో నెవరో వాడి విడిచినదానిని తక్కువ వెలకు కొనుటయే తరచు. అట్టి పాత యంత్రములకు 2025వ సంవత్సరము గడ్డుకాలమును తెచ్చినది. ఆ యేటి అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టువారు విండోసు పదికి సామాన్యముగా నిచ్చుచుండిన రక్షణ సవరణలను నిలిపివేసిరి. తరువాతిదగు విండోసు పదునొకండు పాత ప్రాసెసర్లుగల యంత్రములను అంగీకరింపదు. అప్పుడు గృహస్థుని యెదుట మూడు త్రోవ లుండును. అప్పుచేసి క్రొత్త యంత్రమును కొనుట మొదటిది. ఎక్కడనో దొరకిన దొంగప్రతి నెక్కించుకొనుట రెండవది. అది మన దేశమున నెంత వాడుకలో నున్నదో చదువరులకు చెప్ప నక్కరలేదు. లినక్సు నెక్కించుకొనుట మూడవది. ఖర్చును దోషమును రెండును లేని త్రోవ యిది యొక్కటియే.

కాని యీ త్రోవ పట్టిన యింటి పిల్లవాడు, “ఎదురింటివా డాడుచున్న ఆట నా కంప్యూటరులో నేల రాదు?” అని యడిగినయెడల తండ్రి యేమి చెప్పవలెను? దొంగప్రతి పెట్టుకొన్న యింట ఆట నడచుచున్నది. న్యాయమున నడచిన యింట ఆట నిలిచిపోయినది. ఈ వైపరీత్యమే మా ప్రశ్నకు ప్రాణము. న్యాయవర్తనమునకు బహుమాన మియ్యకున్నను పోనిండు, శిక్ష యుండరాదు గదా!

ఆటల కింత విచారమేల యని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. వారికి మా మనవి యిది. ఆటలన్నియు నొకతీరువి కావు. మా ప్రాంతపు పల్లెలలో పులిజూదము, పులిమేక యని పిలుచు ఆట యున్నది. 3 పులులు, 15 మేకలు. బండమీద బొగ్గుతో గీచిన గీతలే రంగము. పులి బలిష్ఠము, మేక దుర్బలము. అయినను మేకలు ఒండొంటి వెన్ను కాచుకొని నిలిచినచో పులులు కదలలేక కట్టుపడును. బలహీనులకు ఐకమత్యమే బలమను నీతి దీనియందు వ్రేళ్ళ కొసలతో నేర్చుకొనబడుచున్నది. మన దేశమున పుట్టిన చతురంగమును ఇట్టిదే. అది పారసీకులకును, వారివలన అరబ్బులకును, పిదప ఐరోపావారికిని చేరి, చెస్సను పేర లోకమంతట వ్యాపించినది.

కంప్యూటరు వ్యూహక్రీడ లీ వంశమున పుట్టినవే. 1991లో వెలువడిన సిడ్ మేయరుగారి సివిలిజేషన్ అను ఆటలో ఆడువాడు ఒక చిన్న పల్లెను స్థాపించి, పొలము, కొలిమి, గ్రంథాలయము, నౌకలు సమకూర్చి, కొన్నివేల యేండ్ల చరిత్రను తన చేతులమీద నడపవలెను. సైన్యమునకు వెచ్చించిన ధనము చదువునకు మిగులదని అతడు కొన్ని గంటలలో గ్రహించును. బడిలో మేము చరిత్రపాఠము చెప్పునప్పుడు ఈ సంగతి విద్యార్థుల మనస్సున కెక్కించుట యెంత కష్టమో మాకు తెలియును. కనుక మంచి వ్యూహక్రీడ పుస్తకమునకు చుట్టమేగాని పేకాటకు చుట్టము కాదు. ఆన్‌లైనులో డబ్బు పందెముగా నాడు రమ్మీ మొదలగువానిని మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రమువారు చేసిన చట్టమును ధనము పణముగా నొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించి, పణము లేని ఆటలను వేఱుగా నెంచినది. ఈ భేదమును మన గృహస్థులును పాటింపవలెను. జూదమును ద్వేషించువాడు క్రీడను ద్వేషింప నక్కరలేదు.

ఇక ముఖ్య విషయమునకు వత్తము. పులిమేకకును బండకును ముడి లేదు. గుడి యరుగుమీద ఆడినను, ఇంటి గచ్చుమీద ఆడినను ఆట యదే. బండ యజమాని ఆటకు యజమాని కాడు. చతురంగము దేశదేశములు దాటినదనిన, దాని నియమములు ఏ యొక్క పలకకును కట్టుబడి యుండకపోవుటయే కారణము. కంప్యూటరు ఆటకు మాత్రము బండయు నియమములును ఒక్కటిగా అతుకబడినవి. విండోసుకొఱకు చేసిన ఆట విండోసు లేనిచోట శిల మాత్రమే. ఆట వెల చెల్లించినవాడు దానితోపాటు మఱియొక కంపెనీవారి బండను గూడ ఎల్లకాలము కొనుచుండవలసివచ్చుచున్నది.

ఇంతమాత్రముచే నిర్మాతలను దోషులని నిర్ణయింపరాదు. వారి పక్షమును వినవలయును. మొదటి మాట సంఖ్య. స్టీము అను పెద్ద ఆటల అంగడివారు నెలనెలా ప్రకటించు లెక్కలలో లినక్సు వాడువారు 2025 అక్టోబరులో నూటికి ముగ్గురను మాత్రము దాటిరి. ఆ ముగ్గురికొఱకు వేఱు ప్రతి చేసి, పరీక్షించి, ఫిర్యాదులకు బదులు చెప్పుకొనవలెనన్న చిన్న సంస్థ కది మోయరాని బరువు. లినక్సునందు పలు శాఖలుండుటచే పరీక్షయు పలుమడుగులగును.

రెండవ మాట పనితనమునకు సంబంధించినది. పలువురు కలిసి యాడు వ్యూహక్రీడలలో వందలకొలది సైనికుల స్థితిని క్షణక్షణము ఒక యంత్రమునుండి మఱియొకదానికి పంపుట అసాధ్యము. కావున 1997 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్సు మొదలు పెక్కు ఆటలలో ఆజ్ఞలను మాత్రమే పంపుదురు. ప్రతి యంత్రమును తనకు తాను ఒకే లెక్క చేసుకొనును. లెక్కలో ఎక్కడనో దశాంశ స్థానమున వెండ్రుకవాసి భేదము వచ్చినను, కొంతసేపటికి ఒకనికి గెలుపును ఇంకొకనికి ఓటమియు కనబడును, ఆట చెడును. రెండు వేఱు సిస్టములమీద ఆ లెక్కను సరిగా నొక్కటిగా నిలుపుట నిజముగా కష్టమైన పని.

మూడవ మాట అనుభవము. 1998లో అమెరికాలో లోకీ సాఫ్టువేరు అను సంస్థ యేర్పడి, సివిలిజేషన్ కాల్ టు పవర్, ఆల్ఫా సెంటారి, హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ మూడవ భాగము మొదలగు వ్యూహక్రీడలను లినక్సునకు మార్చి అమ్మినది. తగినంత అమ్మకము లేక 2002 జనవరిలో మూతపడినది. కోరిన గొంతులు పెక్కు, కొన్న చేతులు కొన్ని! ఈ దృష్టాంతమును చూచి నిర్మాతలు వెనుదీసిరన్న వారిని నిందింప వీలులేదు.

ఉభయపక్షములను విన్న పిమ్మట, ధర్మమను మాటనే విడదీసి చూడవలసియున్నది. మన మీమాంసకులు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములని మూడుగా విభజించిరి. నిత్యకర్మ ఎల్లప్పుడును చేయవలసినది, మానిన దోషము. నైమిత్తికము ఒకానొక సందర్భము వచ్చినపుడు చేయవలసినది. కామ్యము ఫలము కోరినవాడు చేయునది. చేయకున్న దోషము లేదు. ఐరోపాలో కాంటు పండితుడు తప్పరాని విధులనియు, శక్త్యనుసారము చేయదగిన విధులనియు చేసిన విభాగమును కొంతవఱ కిట్టిదే. లినక్సును గూర్చిన కలహములలో సగము, ఈ మూటిని కలిపివేయుటవలన పుట్టినవని మా యభిప్రాయము.

నిత్యధర్మ మేది? దారి మూయకుండుట. ఇది యిపుడు మునుపటివలె ఖర్చుతో గూడినది కాదు. విండోసుకొఱకు చేసిన ప్రోగ్రాములను లినక్సుమీద నడపుటకు వైన్ అను సాధనమును స్వచ్ఛంద కార్యకర్తలు 1993 నుండి నిర్మించుచు వచ్చిరి. స్టీము అంగడి యజమానులగు వాల్వు కంపెనీవారు దానిపై కట్టిన ప్రోటాను అను వంతెనను 2018లో వెలువరించిరి. 2022లో లినక్సుతోనే నడచు స్టీమ్ డెక్ అను చేతియంత్రమును విపణికి దెచ్చిరి. అప్పటినుండి వేలకొలది ఆటలు, నిర్మాత వ్రేలు కదపకయే, లినక్సుమీద నడచుచున్నవి. వంతెన పరులు కట్టి యిచ్చినపుడు దానిని విఱుగగొట్టకుండుటయే నిర్మాత చేయవలసినది. అనవసరమైన కాపలా ప్రోగ్రాములను, ప్రారంభమున అడ్డుపడు ఖాతా ద్వారములను పెట్టకుండుట, విడుదలకు ముందొకసారి ఆ వంతెనమీద ఆటను నడిపి చూచుట, నడచునో నడవదో పెట్టెమీద నిజము చెప్పుట, ఇంతియే. తుపాకి ఆటలలో మోసగాండ్ర భయముచే లినక్సును వెలివేయుట కలదు. ఎపెక్సు లెజెండ్సు అను ఆటవారు 2024లో నట్లే చేసిరి. ఆ వాదము యొక్క బలాబలముల నిచట నెంచము. తెరలోని కంప్యూటరుతో ఒంటరిగానో, ఎరిగిన మిత్రులతోనో ఆడు వ్యూహక్రీడలకు ఆ సాకు చాలవఱకు చెల్లదు. ఖర్చు లేని మేలును మానుట లోభము కాదు, ఉపేక్ష. ఉపేక్ష లోభముకన్న హీనము.

నైమిత్తికధర్మ మెప్పుడు కలుగును? నిర్మాత తన ఆటను ఇక నమ్మను, సవరింపనని విడిచిన దినమున. వ్యూహక్రీడల యాయువు దీర్ఘము. తుపాకి ఆటను బాలుడు మూడు నెలలలో మఱచును. మంచి వ్యూహక్రీడను ఇరువదియేండ్ల తరువాత తన కుమారునకు చూపగోరును. విడిచిన ఆటను సమాధిలో పెట్టుట కన్న, దాని సోర్సుకోడును లోకమున కిచ్చుట న్యాయము. ఇది కలలోని మాట కాదు. 1999లో వెలువడిన వార్‌జోన్ 2100 అను ఆట సోర్సుకోడును 2004లో బహిరంగపఱచిరి. స్వచ్ఛంద కార్యకర్తలు దానిని చేపట్టి లినక్సుతో సహా పలు సిస్టములమీద నేటికిని సజీవముగా నుంచిరి. ఎలక్ట్రానిక్ ఆర్ట్సు అను పెద్ద కంపెనీవారు కమాండ్ అండ్ కాంకర్ వరుసలోని పాత ఆటల సోర్సుకోడును 2025 ఫిబ్రవరిలో వెలువరించిరి. వారి కిందువలన నష్టమేమియు కలిగినట్లు కానరాదు. పొలమును బీడుపెట్టువాడు ఇరుగుపొరుగువారి పశువులను మేయనిచ్చిన నేమి పోవును?

కామ్యధర్మము లినక్సునకై ప్రత్యేకముగా ప్రతిని తయారుచేయుట. ఇది చేసినవారు స్తుతిపాత్రులు. స్వీడను దేశపు పారడాక్సు వారు యూరోపా యూనివర్సాలిస్ నాల్గవ భాగమును 2013లోను, స్టెల్లారిస్‌ను 2016లోను లినక్సునకు గూడ నిచ్చిరి. సివిలిజేషన్ ఏడవ భాగము 2025 ఫిబ్రవరిలో విండోసు ప్రతితోపాటుగా లినక్సుమీదను వెలువడినది. చేయనివారిని మాత్రము పాపులని నిందింపరాదు. అయితే ఇచట నొక్క నియమము కలదు. ఆరంభించిన కామ్యకర్మను నడుమ విడువరాదని మీమాంసకులు చెప్పిరి. లినక్సు ప్రతిని అమ్మి, సొమ్ము తీసికొని, పిదప విండోసు ప్రతికి సవరణలిచ్చి దీనిని వెనుకబెట్టుట మాట తప్పుట యగును. రాకెట్ లీగ్ వ్యూహక్రీడ కాకున్నను, 2020లో దాని యజమానులు లినక్సు ప్రతికి ఆన్‌లైను సేవను నిలిపినపుడు కొన్నవారికి కలిగిన ఖేద మట్టిదే. సొమ్ము తిరిగి యిచ్చుటకు వారు ఒప్పుకొనుట కొంత మేలు. చేయలేని వాగ్దానముకన్న చేయనను మాట మర్యాద.

ఇచట బుద్ధిమంతు డొకడు శంకింపవచ్చును: “వంతెన యుండగా ప్రత్యేకపు ప్రతి యేల? అందఱును ప్రోటానునే నమ్ముకొనిన చాలదా?” చాలవఱకు చాలునని మేమును ఒప్పుకొందుము. సగము చచ్చిన ప్రత్యేకపు ప్రతికన్న చక్కగా నడచు వంతెనయే మేలు. కాని వంతెన యొక వర్తకుని పోషణమున నున్నదని మఱవరాదు. ఒక కంపెనీ వాకిలినుండి తప్పించుకొని ఇంకొక కంపెనీ వాకిట నిలుచుట స్వాతంత్ర్యము కాదు. ప్రోటాను సోర్సుకోడు బహిరంగమై యుండుట వలననే ఈ భయము కొంత తగ్గినది. లోకీ సంస్థ చరిత్రయే దీనికి సాక్ష్యము. ఆ సంస్థ నష్టపోయి మూతపడినను, అందు పనిచేసిన శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టిన ఎస్‌డీఎల్ అను సాధనము బహిరంగముగా నుండుటచే బ్రదికి, నేడు లెక్కలేనన్ని ఆటలకు పునాదియై యున్నది. వర్తకము చచ్చినను బహిరంగవిద్య చావలేదు.

నిర్మాతల ధర్మమును చెప్పి మన ధర్మమును చెప్పకున్న విచార మేకపక్షమగును. లినక్సునకు ఆట కావలెనని కేకలు వేసి, వచ్చినపుడు కొనకుండుట లోకీ కాలమున జరిగినది. అది మరల జరుగరాదు. వెల పెట్టగలవారు వెల పెట్టి కొనవలెను. లినక్సు వెల లేనిది గనుక దానిమీది ఆటయు వెల లేకయే రావలెననుట అన్యాయము. నిర్మాతయు కుటుంబము గలవాడే. వెల పెట్టలేని యిండ్లకు ధర్మక్రీడలు లేకపోలేదు. 1996లో డెన్మార్కు దేశపు ఆర్హస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వెలువరించిన ఫ్రీసివ్, 2003లో డేవిడ్ వైటు ఆరంభించిన బాటిల్ ఫర్ వెస్నోత్, 2009లో సోర్సుకోడు బహిరంగమైన 0 ఏ.డీ. అను ఆటలు ఉచితముగా లభించును. లినక్సుమీద చక్కగా నడచును. 0 ఏ.డీ.లో రోమనులు, గ్రీకులతోపాటు మన మౌర్యులును గలరు. ఈ ఆటల మాటలను తెలుగున వ్రాసి చేర్చుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఇంగ్లీషు రాని తల్లి తన కుమారుని ప్రక్కను గూర్చుండి ఆ యాట యేమో తెలిసికొనగలుగుట చిన్న లాభమా? కళాశాల విద్యార్థులు వేసవి సెలవులలో నీ పనికి పూనుకొనిన భాషకు సేవ, ఇంటికి మేలు.

తేలిన సారాంశ మిది. లినక్సునకు ప్రత్యేకపు ప్రతి చేసి తీరవలెనని వ్యూహక్రీడల నిర్మాతను నిర్బంధించుటకు మనకు హక్కు లేదు. కట్టియున్న వంతెనను విఱువరాదని యడుగుటకు హక్కు కలదు. విడిచిన ఆటను లోకమున కిమ్మని వేడుటకు న్యాయము కలదు. చేసెదనన్న మాటను నిలువబెట్టుకొమ్మని నిలదీయుటకు అధికారము కలదు. ముగ్గురే గదా యని నూటిలో ముగ్గురను త్రోసివేయు వర్తకుడు, ఆ ముగ్గురిలో దొంగతనమునకు ఒప్పుకొనక పాతయంత్రముతో సరిపెట్టుకొన్న గృహస్థు డొకడుండునని తలపోయవలెను. ఆ గృహస్థుడును, తన పిల్లవాడు కోరిన ఆట నేడు రాలేదని న్యాయపు త్రోవను విడువరాదు. మేకలు ఒండొంటి వెన్ను కాచుకొని నిలిచిన చోట పులులే త్రోవ వెదకుకొనును.